అన్యమతస్థుడగు అతిథి – శరణుని ధర్మము

శ్రీరామనవమికి భద్రాచలము వెళ్లు యాత్రికులలో కొందరు తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెముల మీదుగా పోవుదురు. ఇచ్చట పొలములు వెనుకబడి అడవి దగ్గరపడును. ఇట్టి ఊరిలో లింగధారియగు ఒక గృహస్థుని ఇంటికి ముగ్గురు స్నేహితులు వచ్చిరనుకొందము. ఒకడు వైష్ణవుడు, ఒకడు ముసల్మాను, ఒకడు క్రైస్తవుడు. కాళ్లకు నీళ్లిచ్చి విస్తళ్లు వేయువేళ గృహస్థుని తల్లికి సందేహము కలిగినది. “వీరు లింగధారులు కారు కదా నాయనా! మన బంతిలో కూర్చుండబెట్టవచ్చునా?” ఆమె చిన్ననాటినుండి పాటించిన ఆచారము ఒకవైపు, కుమారుని స్నేహము మరొకవైపు నిలిచినవి.

ఆమె సందేహము నిర్మూలమైనది కాదు. దీక్ష లేనివానిని ‘భవి’ యనుట, వానితో పంక్తిభోజనము మానుట పూర్వాచారము. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో అన్యమతములపై కఠినవాక్యములు కలవు. ఏకాంత రామయ్య జైనులతో పందెమొడ్డి తన తల నరికికొన్న కథ అందులోనిదే. దీనిని దాచుట సత్యమునకు సరిపడదు. అయితే అవి మతములు తమ నిలుకడకై పెనుగులాడిన కాలపు మాటలు. ఇంటికి వచ్చిన మిత్రుడు పందెమునకు వచ్చిన ప్రత్యర్థి కాడు.

12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని కోశాధికారియగు బసవేశ్వరుని ఇల్లు దాసోహమునకు పేరుపొందినది. పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య శరణగోష్ఠిలో సమానులైరి. కశ్మీరమున రాజ్యము విడిచి వచ్చి కట్టెలమ్ముకొని జీవించిన మోళిగె మారయ్య కథ అడవి అంచువారికి మరింత దగ్గరిది. ఆయన లేని వేళ బసవన్న జంగమవేషమున వచ్చి, గుడిసెలో అంబలి ఆరగించి, రహస్యముగా ధనముంచి పోయెననియు, మారయ్య దానిని తనకుంచుకొనక జంగములకు పంచెననియు చెప్పుదురు. ఆతిథ్యమునకు విలువ కట్టరాదని దీని భావము.

ఇక సంభాషణ. 15వ శతాబ్దమున కూర్పబడిన కన్నడ గ్రంథము శూన్యసంపాదనెలో అల్లమప్రభువు అక్కమహాదేవిని తీక్ష్ణముగా ప్రశ్నించును. ఆమె వెనుదీయక ఉత్తరమిచ్చును. తుదకు శరణులందరు ఆమెను గౌరవింతురు. ప్రశ్న వాడియైనను గమ్యము గౌరవమే. 1575లో అక్బరు ఫతేపూర్ సిక్రీలో ఇబాదత్ ఖానా నెలకొల్పి మతచర్చలు జరిపించెను. అచ్చట తొలినాళ్లలో ఒకే మతమునకు చెందిన పండితులే కూర్చుండు చోటుకై కలహించిరి. గెలుపు కోరినచోట సత్యము వెనుకబడును.

భోజనమైన పిమ్మట ముసల్మాను మిత్రుడు, “మెడలోని లింగము విగ్రహము కాదా?” యని అడిగెననుకొందము. గృహస్థుడు కోపింపక, “గురువు చేతికిచ్చిన గురుతు ఇది. రూపము లేనిదానిపై మనస్సు నిలుపుటకు అరచేత నుంచుకొందును” అని చెప్పవచ్చును. పిమ్మట తానును, “మీ ఉపవాసములో మీకు కష్టమైనదేది?” యని అడుగవలెను. చెప్పుట సగము, వినుట సగము. రాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు సంప్రదాయము గోల్కొండ తానీషా కాలమున మొదలైనదని ప్రతీతి. ఆ తలంబ్రాలకై పోవు దారిలోనే ఈ మాటలు సాగుట తగియున్నది.

మరి తల్లి ప్రశ్నకు సమాధానమేమి? కుమారుడు ఆమె నియమమును ఎగతాళి చేయరాదు. అతిథులను వసారాకు పంపనురాదు. “అమ్మా, నీ పూజయైన తరువాత నీవు వేరుగా భుజింపుము. వీరికి మాత్రము నడుమ ఇంటిలో, నా పక్కనే, నీ చేతితో వడ్డింపుము” అనవలెను. నియమము తన విస్తరికే గాని అతిథి విస్తరికి కాదు. ఆమె వడ్డించిన నాడు ఆచారమును నిలిచినది, స్నేహమును నిలిచినది. అతిథి అడుగకమునుపే రెండవసారి అన్నము వడ్డించిన చేతికి వేరొక వాదముతో పని లేదు.