ఎక్స్‌బీని నిద్రపుచ్చి లేపడం ఎలా?

పొలం గట్టున పెట్టినా, మేడ మీది నీళ్ల ట్యాంకుకు తగిలించినా, వైర్‌లెస్ సెన్సర్ పెట్టెలో బ్యాటరీని ఎక్కువగా తాగేది రేడియోనే. ఎక్స్‌బీ సిరీస్ 1 రేడియో మాడ్యూల్ ఊరికే వింటూ కూర్చున్నా 50 మిల్లీయాంపులు తీసుకుంటుంది. 2,000 మిల్లీయాంప్-అవర్ సెల్లులు 40 గంటల్లో ఖాళీ. గాఢనిద్రలో మాత్రం దానికి 10 మైక్రోయాంపులు కూడా అక్కర్లేదు. పది నిమిషాలకోసారి ఒక్క సెకను లేపితే, మాడ్యూల్ వరకు లెక్క వేస్తే, అవే సెల్లులు రెండేళ్లు దాటతాయి.

ముందు వైర్లు. చాలామంది పవర్, గ్రౌండ్, పంపేది, అందుకునేది కలిపి సరిపెడతారు. ఇంకో రెండు కలపండి: నిద్రకు 9వ పిన్ను, ‘ఇప్పుడు పంపవచ్చు’ అని మాడ్యూల్ చెప్పే సీటీఎస్‌కు 12వ పిన్ను. కంట్రోలర్ 3.3 వోల్టులదే కావాలి. ఏటీమెగా 328పీ కంట్రోలర్‌లో సీటీఎస్‌ను తనంతట తాను గమనించే ఏర్పాటు లేదు కాబట్టి మామూలు డిజిటల్ పిన్నుకు కలిపి ప్రోగ్రాంలో మనమే చదవాలి. ఈ పెట్టె పంపడమే తప్ప అందుకోదు కనుక, మాడ్యూల్‌ను ‘ఆగు’ అనడానికి వాడే ఆర్టీఎస్‌ను వదిలేయవచ్చు.

సెట్టింగులు మొదలుపెట్టే ముందే 9వ పిన్నును గ్రౌండ్‌కు కలపండి. కలపకపోతే లోపలి పుల్-అప్ దాన్ని పైకి లాగేస్తుంది. నిద్ర మోడ్ పెట్టగానే మాడ్యూల్ పడుకుని ఏ కమాండుకూ పలకదు. కాలిపోయిందనుకుని కొత్తవాళ్లు మంచి మాడ్యూల్‌ను పక్కన పడేసేది ఇక్కడే. పిన్ను కలిపాక సెకను ఆగి, మూడు ప్లస్‌లు పంపి, మళ్లీ ఏమీ పంపకుండా ఆగితే ‘ఓకే’ వస్తుంది. ఎస్ఎం 1 (పిన్నుతో గాఢనిద్ర), డీ7 1 (సీటీఎస్) చేసి, డబ్ల్యూఆర్ కమాండుతో భద్రపరచండి.

ఇక లేపడం. 9వ పిన్నును కిందికి దించితే మాడ్యూల్ సుమారు 13 మిల్లీసెకన్లలో లేస్తుంది. అక్కడ 20 మిల్లీసెకన్ల డిలే రాసి పంపేయడం అందరికీ అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. సీటీఎస్ కిందికి దిగేదాకా చూడండి. ‘ఇంకా నిద్రలో ఉన్నాను’ అని చెప్పేది, ‘బఫర్ నిండుతోంది, ఆగు’ అని చెప్పేది ఆ ఒక్క తీగే. బఫర్‌లో 17 బైట్ల చోటు మిగిలి ఉండగానే అది పైకి లేస్తుంది, 34 బైట్ల చోటు దొరికాక మళ్లీ దిగుతుంది. అందుకే లేచినప్పుడు ఒకసారి చూసి ఊరుకోకుండా, ప్రతి బైటుకు ముందూ చూడాలి. ఎంతసేపు చూడాలో గడువు కూడా పెట్టండి. లేకపోతే, వైరు ఊడినప్పుడు ప్రోగ్రాం అక్కడే చిక్కుకుపోయి బ్యాటరీ అంతా హరిస్తుంది.

పంపాక తొందరపడొద్దు. చివరి బైటు తర్వాత మూడు అక్షరాల కాలం నిశ్శబ్దంగా ఉంటేనే మాడ్యూల్ ప్యాకెట్ కడుతుంది. 9600 వేగంలో అది సుమారు 3 మిల్లీసెకన్లు. నేను 10 ఆగుతాను. అప్పుడు 9వ పిన్నును పైకి లేపితే, చేతిలో ఉన్న ప్రసారం ముగించుకుని పడుకుంటుంది. 13వ పిన్ను దిగితే పడుకున్నట్టే.

చివరగా మీటరును బ్యాటరీకి వరుసలో పెట్టి నిద్రలో కరెంటు కొలవండి. మిల్లీయాంపులు కనిపిస్తే మాడ్యూల్‌ను అనుమానించకండి, ముందు రెగ్యులేటర్‌ను, పవర్ ఎల్ఈడీని చూడండి. చౌకగా దొరికే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఒక్కటే సుమారు 5 మిల్లీయాంపులు మింగుతుంది. దాంతో ఆ సెల్లులు 17 రోజులు కూడా రావు. దాని స్థానంలో ఎంసీపీ1700 పెట్టండి, అది తినేది 2 మైక్రోయాంపుల లోపే.