ప్లాంటు గేటు బయట కూడా కొలువులున్నాయి

రామగుండం ఎన్టీపీసీ ప్లాంటు పక్కనున్న జ్యోతినగర్‌లో పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట. "ఎట్లనన్న చేసి ప్లాంటుల పెట్టియ్యాలె." ప్లాంటు కాకుంటే సింగరేణి, అదీ కాకుంటే అప్పు చేసైనా హైదరాబాద్‌లో కంప్యూటర్స్ బీటెక్. పిల్లవాడి చేతిలో ఏముందో, వాడికి ఏ పని ఇష్టమో అడిగేవాళ్లు తక్కువ.

లెక్కలు మాత్రం ఈ ఆశకు సాయం చేయడం లేదు. 1990 ప్రాంతంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు దిగింది. ఎన్టీపీసీ ఇంజినీర్లను దేశవ్యాప్త పోటీలో, గేట్ స్కోరు చూసి తీసుకుంటుంది. చిమ్నీ నీడలో పుట్టి పెరిగినంత మాత్రాన లోపలికి దారి దొరకదు. అయినా దళారుల వ్యాపారం ఆగలేదు. రామగుండం ఎరువుల కర్మాగారంలో కాంట్రాక్టు పని ఇప్పిస్తామని లక్షలు గుంజిన వ్యవహారం 2022లో రోడ్డెక్కింది. డబ్బు కట్టిన కుటుంబాలు ఏ స్థితికి వచ్చాయో ఈ ప్రాంతమంతా చూసింది. అయినా ఇవాళ్టికీ పొలం అమ్మి, పుస్తెలు కుదువపెట్టి గేటుపాసు కోసం డబ్బు కడుతున్న తల్లిదండ్రులున్నారు. డబ్బు తీసుకుని కొలువు ఇస్తానన్నవాడి గడప తొక్కకూడదు. ఇందులో రెండో అభిప్రాయానికి చోటు లేదు.

అదే కుటుంబం సాయంత్రం గోదావరిఖని లక్ష్మీనగర్‌కు బట్టలు కొనడానికి వెళ్తుంది. తల ఎత్తితే ప్రతి దుకాణం మీదా మెరిసే బోర్డు. నగల షాపు, మొబైల్ షాపు, ఆసుపత్రి, ట్యూషన్ సెంటర్, అన్నింటి ముఖం మీదా ఏసీపీ షీటే. ఆ బోర్డు చేసినవాడిది కూడా ఒక వృత్తేనని ఎవరికీ తట్టదు. బొమ్మలు బాగా వేసే పిల్లవాడికి, చేతిపని మీద మనసున్న అమ్మాయికి చక్కగా సరిపోయే వృత్తి అది.

ఏసీపీ అంటే రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర అతికించిన పలక. 1969లో ఆలుకోబాండ్ పేరుతో యూరప్ మార్కెట్‌లోకి వచ్చింది. మన దగ్గర బోర్డులకు ఎక్కువగా వాడేది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న షీటు. మందం 3 లేదా 4 మిల్లీమీటర్లు. తేలిక, తుప్పు పట్టదు. వెనక రేకునూ మధ్య పొరనూ వీ ఆకారంలో కోసి, ముందు రేకు తెగకుండా వదిలితే చేత్తోనే అంచు మడవొచ్చు. ఆ కోత అర మిల్లీమీటరు ఎక్కువ లోతుకు పోయినా అంచు చీలిపోతుంది. నైపుణ్యం ఇక్కడే మొదలవుతుంది.

రామగుండం ఎండ ఈ పనికి అసలు పరీక్ష. చలికాలం తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ షీటు వేడిలో 50 డిగ్రీల తేడా వస్తే, 8 అడుగుల షీటు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. షీటుకూ షీటుకూ మధ్య సందు వదలకుండా బిగించినవాడి బోర్డు మొదటి వేసవికే ఉబ్బుతుంది. లోపలి గోడలకు వాడే చవక పూత షీటును ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. బయటికి ఎండను తట్టుకునే పీవీడీఎఫ్ పూత ఉన్నదే వాడాలి. ఈ తేడా చెప్పగలిగినవాడి దగ్గరికే షాపు యజమాని మళ్లీ వస్తాడు.

తెలుగు అక్షరాలది ఇంకో చిక్కు. ప, స, హ లాంటి అక్షరాలకు తలకట్టు ఒంటికి అంటదు. కోస్తే రెండు ముక్కలవుతుంది. వత్తులు కింద విడిగా వేలాడతాయి. ఇంగ్లిష్ అక్షరాలు కోసిన చేత్తోనే 'లక్ష్మీ' కోయమంటే, తెలుగు చదవడం రానివాడు వత్తును ఎక్కడో అతికిస్తాడు. తెలుగు చక్కగా చదివి రాసే పిల్లలకు ఇక్కడ నిజమైన విలువ ఉంది.

ఈ పనిలోకి రావడానికి దారి ఏమిటి? ఐటీఐలో వెల్డర్ ఏడాది, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. వెల్డర్‌కు 8వ తరగతి, ఎలక్ట్రీషియన్‌కు పది పాసైతే చాలు. ఫ్రేము వెల్డింగ్, లోపల ఎల్‌ఈడీ వైరింగ్, కంప్యూటర్‌లో డిజైన్ మూడూ తెలిసినవాడికి పని వెతుక్కుంటూ వస్తుంది. ఒకవేళ బోర్డు పని తగ్గినా, వెల్డర్ సర్టిఫికెట్ ప్లాంటు షట్‌డౌన్ పనుల్లో పనికొస్తుంది. అందుకే నేరుగా బోర్డు షాపులో చేరడం కంటే ఐటీఐ మీదుగా రావడమే మేలు. డిజైన్ మీద గట్టి ఆసక్తి ఉండి ఇంటర్ పూర్తిచేసినవాళ్లు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ కూడా చూడొచ్చు.

ఉచ్చులు ఇక్కడా ఉన్నాయి. మూడు నెలల్లో గ్రాఫిక్ డిజైనర్‌ని చేస్తామని, నూటికి నూరు శాతం ఉద్యోగమని వేలకు వేలు ఫీజు కట్టించుకునే సెంటర్లు మొదటివి. అక్కడ నేర్పే సాఫ్ట్‌వేర్ బటన్లు షాపులో పనిచేస్తూ నేర్చుకోవచ్చు. రెండోది ఇంకా ప్రమాదం. పని రాకముందే కంప్యూటర్‌తో షీటు కోసే సీఎన్‌సీ రౌటర్ కొనడం. లక్షల రూపాయల యంత్రం, నెలనెలా కిస్తీ, పట్టణంలో అప్పటికే అలాంటి యంత్రాలు నడుపుతున్నవాళ్లు. ముద్ర రుణం దొరుకుతోంది కదా అని తండ్రి రిటైర్మెంట్ డబ్బు కలిపి యంత్రం దింపిన ఇంట్లో మొదటి ఏడాది కిస్తీలే పెద్ద గండం. కనీసం రెండేళ్లు మరొకరి దగ్గర చేసి, కోత పని బయట చేయించుకుంటూ సొంత ఖాతాదారులను సంపాదించాకే యంత్రం మాట ఎత్తాలి.

ప్రాణాల సంగతి ఫీజుల కంటే ముందు చెప్పాల్సింది. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న జరిగిన అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. మంట భవనమంతా పాకడానికి ప్రధాన కారణం గోడలకు తొడిగిన ఇలాంటి పలకల్లోని ప్లాస్టిక్ పొర. అందుకే ఆసుపత్రులు, ఎత్తైన భవనాల ముఖభాగానికి మంటను తట్టుకునే రకమే అడగాలి. ముంబై ఘాట్కోపర్‌లో 2024 మే 13న గాలివానకు హోర్డింగ్ కూలి 17 మంది పోయారు. ఫ్రేము వేసేవాడి చేతిలో కింద నడిచేవాళ్ల ప్రాణాలు ఉంటాయి. కరెంటు తీగల పక్కన ఇనుప నిచ్చెన ఎక్కించి, బెల్టు ఇవ్వని యజమాని దగ్గర పిల్లవాణ్ని ఒక్కరోజు కూడా ఉంచకూడదు.

"మా వాడు బోర్డులు చేసుకుంటూ బతుకుతడా?" అని నొచ్చుకునే తండ్రులకు ఒక విన్నపం. దళారికి ఇవ్వాలనుకున్న సొమ్మును బ్యాంకులోనే ఉంచండి. ఐటీఐ దరఖాస్తుల గడువు ముగిసేలోపు ఒక ఆదివారం పిల్లవాణ్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని బోర్డు షాపుకు వెళ్లండి. మిస్త్రీతో వాణ్నే మాట్లాడనివ్వండి. తిరిగొచ్చాక ఏ ట్రేడు పెట్టాలో వాణ్నే చెప్పమనండి.