ఒకనాటి ప్రయాణం: సనత్‌నగర్ నుండి బమ్మెరకు

ఉద్దేశం

యాత్రాచరిత్ర తెలుగు వచనంలో ఒక ముఖ్య ప్రక్రియ. చక్కని యాత్రారచనకు చక్కని యాత్ర మూలం. ఒక్క పగటిలో ముగిసే చిన్న ప్రయాణాన్ని ఆలోచనతో కూర్చుకోవడం ఎలాగో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సనత్‌నగర్ పారిశ్రామికవాడ పరిసరాలలో పెరిగిన విద్యార్థికి పోతన పాఠ్యపుస్తకంలో కనిపించే కవి. ఆయన ఊరుగా తరతరాలుగా చెప్పుకొంటున్న బమ్మెర గ్రామం ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అయినా పద్యం కంఠస్థం చేసినవారిలో ఆ ఊరు చూసినవారు బహుకొద్ది. దూరం దీనికి కారణం కాదు. బయలుదేరాలనే సంకల్పం, దానికి తగిన ప్రణాళిక కొరవడడమే కారణం.

మన పూర్వులు ప్రయాణాన్ని తేలికగా తీసుకోలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా సాగి, 1831 సెప్టెంబరులో తిరిగి మద్రాసు చేరారు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీల మధ్య దూరాలు, దారి తీరు, ఊళ్లలోని వసతులు నమోదై ఉన్నాయి. వెనుక వచ్చేవారికి దారి చూపాలన్న బాధ్యత ఆ రచనలో కనిపిస్తుంది. మన ప్రయాణం ఒక్కనాటిదే అయినా ఆ శ్రద్ధ మనకూ అవసరం.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం పన్నెండుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరాను. భువనగిరి, యాదగిరిగుట్ట, కొలనుపాక, పెంబర్తి, పాలకుర్తి, బమ్మెర, వరంగల్లు అంటూ ఏడు పేర్లు కాగితం మీద రాసుకొన్నాను. ఒక్కొక్కచోట ఎంతసేపు పడుతుందో లెక్క వేయలేదు. కోట ఎక్కి దిగేసరికి ఎండ ముదిరింది. గుట్టమీద వరుసలో నిలబడి మధ్యాహ్నం గడిచిపోయింది. బమ్మెర చేరేటప్పటికి చీకటి పడింది. గట్టుమీద నిలిచి మేము చేతిదీపాలు అటూ ఇటూ తిప్పుతుంటే, ఎడ్లను తోలుకొని వస్తున్న ఒక ముసలి రైతు ఆగి, "పొద్దుండంగ రావాలె సారూ, చీకట్ల పొలం ఏం కనవడ్తది?" అన్నాడు. విద్యార్థులలో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. తప్పు మాత్రం నాదే. వారిలో కొందరికి ఆ ఊరికి మళ్లీ వెళ్లే అవకాశం రాకపోవచ్చునన్న తలపు నన్ను ఈనాటికీ బాధిస్తుంది.

ఆ తప్పు నుండి నేను నేర్చుకొన్న మొదటి పాఠం: యాత్రకు ఒక సూత్రం ఉండాలి. దండలో పూలను కలిపే దారం వంటిది ఆ సూత్రం. ఈ బాటకు 'పొలం' అనే మాటనే సూత్రంగా తీసుకోవచ్చు. పదిహేనవ శతాబ్దికి చెందిన పోతన రాజాశ్రయాన్ని కాదని హలం పట్టాడని, భాగవతాన్ని శ్రీరామునికే అంకితం చేశాడని సంప్రదాయం. ఆయన ఊరు కడప ప్రాంతంలోని ఒంటిమిట్ట అనే వాదం కూడా పండితులలో ఉంది. యాత్రకు ముందు ఆ వాదాన్నీ చదవాలి. బమ్మెరకు సమీపంలోనే పాలకుర్తి ఉంది. దేశి ఛందస్సైన ద్విపదలో బసవపురాణం రచించిన పాల్కురికి సోమనాథుని పేరు ఈ ఊరితో ముడిపడింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను కాపాడుకొన్న చాకలి ఐలమ్మ పోరాటభూమి కూడా ఇదే. పొలాన్ని నమ్ముకొన్న కవినీ, పొలం కోసం నిలిచిన స్త్రీనీ ఒకే పూట స్మరించుకోగల బాట ఇది.

రెండవ పాఠం కాలగణన. రానూపోనూ దాదాపు 300 కిలోమీటర్లు. రోడ్డు మీద ఏడు గంటలు పడుతుంది. డిసెంబరులో పగలు సుమారు 11 గంటలు. తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరితే మొదటి గంటన్నర, తిరుగుదారిలో చివరి గంటన్నర చీకటిలో గడుస్తాయి. మిగిలిన నాలుగు గంటల ప్రయాణాన్ని పగటి నుండి తీసివేస్తే ఏడు గంటలు మిగులుతాయి. భోజన విశ్రాంతులకు రెండు గంటలు పోగా దర్శనానికి ఐదు గంటలే ఉంటాయి. నాలుగు స్థలాలకు మించి చూడబోతే ఏదీ చూడనట్లే.

మూడవ పాఠం క్రమం. అన్నింటికంటే దూరమైనదానిని ముందు చూడాలి. సికింద్రాబాదు, ఉప్పల్, బీబీనగర్ దాటేసరికి తూర్పు తెల్లవారుతుంది. భువనగిరి ఏకశిల ఆ వెలుగులో రోడ్డు నుండే కనువిందు చేస్తుంది. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మోస్తున్న ఆ కోటను ఎక్కడం మరొకనాటికి ఉంచుకోవాలి. ఆలేరు, జనగామ మీదుగా ఎనిమిదిన్నరకు బమ్మెర చేరవచ్చు. పల్లెటూళ్లలోని ఆలయాలు సాధారణంగా మధ్యాహ్నం మూసివేస్తారు కాబట్టి పాలకుర్తి గుట్టమీది సోమేశ్వరాలయాన్ని పన్నెండులోపే దర్శించాలి. జనగామలో భోజనం చేసి, తిరుగుదారిలో పెంబర్తి ఇత్తడి కళాకారుల పనితనం చూడాలి. పొద్దు ఉంటేనే ఆలేరు నుండి పక్కకు మళ్లి కొలనుపాక జైనాలయానికి వెళ్లాలి. లేకుంటే దానిని వదులుకోవాలి. వదులుకోవడం తెలిసినవాడే నిజమైన ప్రణాళికాకర్త.

సొంత వాహనం లేనివారు సికింద్రాబాదు నుండి జనగామ వరకు రైలులో వెళ్లి, అక్కడి నుండి పాలకుర్తికి బస్సు పట్టుకోవచ్చు. అప్పుడు రెండు స్థలాలతో తృప్తి పడాలి. వాహనం ఏదైనా చేతిలో నోటుపుస్తకం ఉండాలి. చెరువు గట్టు, తాటివనం, పత్తి ఏరుతున్న కూలీల మాట, ఆ ప్రాంతపు నుడికారం అందులో చేరాలి. పగటివేళ ఆ పొలం గట్టుమీద నిలబడే అదృష్టం మీకు కలగాలని నా ఆకాంక్ష. నేను చూపించలేకపోయినదాన్ని మీరు చూసి రండి.

కఠిన పదాలు – అర్థాలు

ద్విభాషి: రెండు భాషలు తెలిసి, ఒకదానిని మరొకదానిలో చెప్పేవాడు
మజిలీ: ప్రయాణంలో విడిది చేసే చోటు
హలం: నాగలి
కాలగణన: సమయాన్ని లెక్కించడం
నుడికారం: పలుకుబడి, భాషలోని సొగసు

ప్రశ్నలు

1. రచయిత తన మొదటి ప్రయాణంలో చేసిన పొరపాటు ఏమిటి? దాని నుండి ఏమి గ్రహించారు?
2. 'యాత్రకు ఒక సూత్రం ఉండాలి' అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
3. మీ ఊరి నుండి ఒక్క పగటిలో వెళ్లి రాగల బాటను ఎంచుకొని, దూరం, కాలం, క్రమం చూపుతూ ప్రణాళిక రాయండి. ఏ స్థలాన్ని వదులుకొన్నారో, ఎందుకో తెలపండి.