పాముకాటుకు ఫోన్‌లో వైద్యమా? నమ్మేముందు నాలుగు ప్రశ్నలు

వానాకాలం పనులు మొదలైతే గట్ల మీద, గడ్డివాముల దగ్గర పాముల భయం తప్పదు. చేతిలో సెల్‌ఫోన్ ఉంది గనుక, కాటు పడగానే అందులో వెతకడం అలవాటైంది. ఫలానా ఆకు పసరు తాగితే చాలని, నాలుక మీద హోమియో చుక్కలు వేస్తే విషం దిగుతుందని వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో వస్తుంటాయి. కింద "మా బాబాయికి తగ్గింది" అని పదిమంది రాస్తారు. మరి నమ్మడమెలా?

తగ్గితే మందు పనిచేసినట్టేనా?

కాదు. మన పాముల్లో ఎక్కువ రకాలకు ప్రాణం తీసే విషం లేదు. జెర్రిపోతు, నీరుకట్టె కరిస్తే ఏ మందూ వేయకున్నా మనిషి బతుకుతాడు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కాటేస్తుంది. అలాంటి మనిషి పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది. విషమెక్కి పోయినవాళ్లు వచ్చి వీడియో పెట్టరు గదా!

ఈ ప్రశ్నలు వేయండి

1. చెప్పిందెవరు? పేరు, చదువు ఉన్నాయా? ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పేదానితో కలుస్తోందా?

2. చివర్లో మందు ఏదైనా అమ్ముతున్నారా?

3. ఎప్పటి మాట? తాడు బిగించడం, గాటుపెట్టి పీల్చడం పాత పద్ధతులు. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు. తాడు బిగిస్తే రక్తం ఆడక కాలో చెయ్యో చెడిపోవచ్చు.

4. ఆసుపత్రికి వెళ్లమందా? "అక్కర్లేదు" అంటే ఇక చూడవద్దు.

చేయవలసింది

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షనే మందు. కాటుపడ్డ మనిషికి ధైర్యం చెప్పండి. ఉంగరాలు, మెట్టెలు తీసేయండి. కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా 108లో తరలించండి. పామును పట్టుకోబోవద్దు.

కట్లపాము కరిస్తే నొప్పి, వాపు ఉండకపోవచ్చు. రాత్రి నేలమీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా అనుమానించాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వెతుకులాట కాటు పడ్డాక కాదు, ఇప్పుడే చేయండి. ఈ ఇంజెక్షన్ దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుందో ఈ వారమే ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఆ ఆసుపత్రి నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి. ఫోన్‌తో అసలు ఉపయోగం అదే.