పంచాయతీ కంప్యూటరుకు వేసవి రక్షణ

ఇంటిపన్ను డిమాండు పట్టికలు, ధ్రువపత్రములు, గ్రామసభ తీర్మానములు నేడు పెక్కు పంచాయతీలలో కంప్యూటరు మూలముననే నడచుచున్నవి. వేసవి మధ్యాహ్నము ఆ యంత్రము పని మధ్యన తనంతట తానే ఆగిపోయినచో భద్రపరచని పద్దులు పోవును. పనిమీద వచ్చిన ఊరివారు మరల రావలసి వచ్చును. “పాతబడినది, క్రొత్తది కొనుడు” అని మరమ్మతుదారు చెప్పిన వెంటనే పంచాయతీ నిధులు వెచ్చింపక, ముందుగా దాని వేడిమిని పరీక్షింపుడని సభ్యులకు మా మనవి.

కంప్యూటరులో లెక్కలు చేయునది ప్రాసెసరు అను చిన్న బిళ్ల. బల్లపై నుంచు కంప్యూటర్లలో 65 వాట్ల తరగతి ప్రాసెసర్లు సాధారణము. వెలుగుచున్న పాతకాలపు 60 వాట్ల బల్బును మనము చేతితో తాకలేకపోయెడివారము గదా! పూర్తి పనిలో నున్నపుడు అంతటి వేడి తపాలా బిళ్లంత చోట పుట్టుచున్నది. పైనమర్చిన లోహపు రెక్కలు ఆ వేడిని గ్రహించును. చిన్న ఫ్యాను దానిని ఊదివేయును. అయితే ఫ్యాను గదిలోని గాలినే వాడుకొనును గాని చల్లదనమును పుట్టింపలేదు. గది 25 డిగ్రీలున్నపుడు 65 డిగ్రీలకు చేరు ప్రాసెసరు, రెంటచింతల వంటి ఊళ్ల వేసవిలో గది 40 డిగ్రీలైనచో, అదే పనికి ఇంచుమించు 80కి చేరును.

పెక్కు ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల దరిదాపున నుండును. హద్దు చేరగానే ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనును. వేడి ఇంకను పెరిగినచో యంత్రము ఆగిపోవును. ఇది చెడిపోవుట కాదు, ఆత్మరక్షణ.

వేడిని కొలుచు సాధనము ప్రాసెసరులోనే ఇమిడియున్నది. యంత్రమును ప్రారంభించునపుడు డిలీట్ మీటగాని, ఎఫ్2 మీటగాని నొక్కినచో వచ్చు బయాస్ తెరపై ఆ అంకె పెక్కింటిలో కనుపించును. పని జరుగుచుండగా చూచుటకు కోర్ టెంప్ వంటి ప్రోగ్రాములు కలవు. ఎంత పనిలోనైనను 80 లోపున్నచో చింతలేదు. తరచు 90 దాటుచున్నచో ఉపేక్షింపరాదు. దీపములు మసకబారినపుడే యంత్రము ఆగుచున్నచో దోషము కరెంటుదై యుండవచ్చును.

తరచుగా మూలకారణము దుమ్ము. కరెంటు తీగ ఊడదీసి, పెట్టె తెరచి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టి, మెత్తని పొడి కుంచెతో దులుపవలెను. తడిగుడ్డ పనికిరాదు. ప్రాసెసరునకును లోహపు రెక్కలకును నడుమ పూసిన పేస్టు ఏండ్లు గడచినచో ఎండిపోవును. దానిని మార్చుట తెలిసినవారి పని. ఇక నడుచుచున్న యంత్రమునకు ప్లాస్టిక్ తొడుగు కప్పుట గౌరవముతో చేయు అపకారమే! గోడకు జానెడు ఎడముగా, ఎండ పడని చోట నుంచుడు. దుమ్ము దులుపు పనిని మార్చి నెల సమావేశపు అజెండాలోనే చేర్చుడు.