పసుపు మీద పసుపు

చిట్టితల్లీ,

వాన్ గో పొద్దుతిరుగుడు పూలు చూసి నువ్వు వేసిన బొమ్మ ఫొటో చూశాను. అత్తయ్యకీ చూపించాను, మురిసిపోయింది. పసుపు గోడ ముందు పసుపు పూలు పెట్టడానికి ధైర్యం కావాలి, అది నీకుంది. కానీ కాన్వాసంతా ఒకే మందాన రంగు మెత్తేశావేమే! కోపం కాదమ్మా, ఇంత కష్టపడి అసలుది వదిలేస్తావేమోనని బెంగ.

లండన్ నేషనల్ గ్యాలరీలో వాన్ గో పొద్దుతిరుగుడు పూలను నేను ఎదురుగా కన్నా పక్కనుంచే ఎక్కువసేపు చూశాను. రంగు ఎత్తుపల్లాలు అలా చూస్తేనే తెలుస్తాయి. గింజల దగ్గర చిక్కటి రంగు చుక్కలుచుక్కలుగా పైకి లేచి ఉంటుంది. రేకుల మీద కుంచె, రేకు ఎటు సాగితే అటే సాగింది. మందం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వద్దో ఆయన తేల్చుకున్నాడు. నువ్వు దించాల్సింది అదే. రంగు ఎవరైనా కలుపుతారు.

1888 ఆగస్టులో, ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో, తన దగ్గరికి రాబోయే చిత్రకారుడు గోగాన్ కోసం ఇల్లు అలంకరించాలని వాన్ గో వేసిన పూలవి. త్వరగా వాడిపోతాయని పొద్దుపొడుపుతోనే పనికి కూర్చునేవాడు. ఆ తొందర కుంచెలో కనిపిస్తుంది. నువ్వేమో వేసిన గీతనే మళ్లీ మళ్లీ దువ్వుతున్నావు. వద్దు తల్లీ. ఒకసారి పెట్టు, చెయ్యి తీసెయ్.

నీది అక్రిలిక్ కదా. మందం కోసం వాడే మోడలింగ్ పేస్టు తెల్లగా ఉంటుంది, పసుపులో కలిపితే రంగు పాలిపోతుంది. అందుకని గింజల చోట ముందు ఉత్త పేస్టు పెట్టి, పూర్తిగా ఆరాక పైన రంగు వెయ్యి. రేకులకు చిక్కటి జెల్ కలుపు. గోడకు ఏమీ కలపకు.

చూసి వెయ్యడం దొంగతనమా అని అడిగావు. కాదు. సాంరెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాన్ గో కూడా మిలే అనే చిత్రకారుడి బొమ్మల్ని నలుపు తెలుపు అచ్చుల్లో చూసి, తన రంగుల్లో వేసుకున్నాడు. ఒకరు కట్టిన పాటను ఇంకొకరు వాయించడం లాంటిదే అన్నది ఆయన మాట. మన కచేరీల్లో త్యాగరాజ కీర్తన పాడేవాళ్లను ఎవరైనా తప్పుపడతారా?

కూజా మీదున్న విన్సెంట్ సంతకం మాత్రం దించకు. కాన్వాసు వెనక, వాన్ గో బొమ్మ చూసి వేశానని రాసి నీ పేరు పెట్టు. అది అయ్యాక బజారు నుంచి గుప్పెడు బంతిపూలు తెచ్చుకుని, ఎవరినీ చూడకుండా ఒకటి వెయ్యి. నాకు ముందు అదే పంపాలి.

ఆశీస్సులతో,
మీ మామయ్య