పరదేశంలో ఉపాధ్యాయుడు: రోజా, మందు

విశాఖ ఉక్కునగరం నుంచి గల్ఫ్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్తున్న ఒక సోదరుడు అడిగాడు: "నాకు షుగర్ ఉంది. ఇన్సులిన్ తీసుకుంటే రోజా భంగమవుతుందా? అక్కడ అందరూ రోజా ఉంటే నేనొక్కణ్ణే ఎలా మానేది?"

సోదరులారా! బఖరా సూరా 185వ ఆయతులో అల్లాహ్ రోగికి, ప్రయాణికునికి సడలింపు ఇచ్చాడు. తప్పిన రోజాలను తర్వాత పూర్తి చేసుకోవాలి. కోలుకునే ఆశ లేని రోగి రోజాకు ఒక్కరు చొప్పున పేదవారికి అన్నం పెట్టాలి. పోషకాహారంగా ఎక్కించేవి తప్ప మిగతా ఇంజెక్షన్లతో రోజా భంగం కాదని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో తీర్మానించింది. కనుక ఇన్సులిన్‌తో రోజాకు భంగం లేదు. అయితే షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. లోకులకు సిగ్గుపడి దాన్ని ప్రమాదంలో పడేయడం భక్తి కాదు.

రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి సంప్రదించి మోతాదు సరిచేయించుకోండి. ప్రయాణంలో మందుల చీటీని, ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచండి; విమానం సామాను అరలో అది గడ్డకట్టి పాడవవచ్చు. మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) స్వయంగా బోధించారు.

అల్లాహ్ మనందరికీ ఈమాన్‌ను, ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.